షేక్ మానేసిన ఎనిమిది నెలల్లో పోయిన బరువు తిరిగి వచ్చింది: తప్పు ఎక్కడ జరిగింది?

నిడదవోలు_శారద
నాకు 48 ఏళ్లు, ఉపాధ్యాయురాలిని. కిందటి ఏడాది జూన్‌లో 78 కిలోలు ఉండేదాన్ని. మా వీధి చివర పొద్దున్నే ఆరింటికి తెరిచే పోషకాహార క్లబ్బు ఒకటి ఉంది. అక్కడ చేరి, ఉదయం టిఫిన్‌కు బదులు ఒక షేక్, అంటే డబ్బా పొడిని కలిపిన గ్లాసు, రాత్రి భోజనానికి బదులు మరొకటి తాగాను. మధ్యాహ్నం మాత్రం ఇంట్లో అన్నం తినేదాన్ని. నెలకు ఆరు వేల రూపాయలు ఖర్చయ్యేది. ఐదు నెలల్లో 11 కిలోలు తగ్గాను. స్టాఫ్ రూమ్‌లో అందరూ మెచ్చుకున్నారు, నాకూ ఎంతో సంతోషం కలిగింది.

ఆ తరువాత మా అమ్మాయి పెళ్లి పనులలో పడి మానేశాను. ఎనిమిది నెలల్లో 9 కిలోలు తిరిగి పెరిగాను. అంతకంటే ఎక్కువ బాధ పెట్టిన విషయం జుట్టు. మూడో నెల నుంచి దువ్వెన పెడితే చాలు, కుచ్చులుగా ఊడి వచ్చేది. క్లబ్బులో చెప్పుకుంటే "మానేశారు కాబట్టే పెరిగారు, మళ్లీ మొదలుపెట్టండి" అన్నారు. అంటే దీన్ని జీవితాంతం తాగాలా? నేను చేసిన తప్పేమిటో, ఆ పొడిలో ఉన్న లోపమేమిటో తెలిసినవారు చెప్పగలరు.

కొల్లేటి_గాలి
మీ కథలో ఊరి పేరు మారిస్తే అది మా అక్క కథ అవుతుంది. ఆవిడ 8 కిలోలు తగ్గి 10 కిలోలు పెరిగింది.

పోషణ_తార్నాక
నేను హైదరాబాద్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. శారద గారూ, మీరు తప్పు చేశారనే మాటను ముందుగా పక్కన పెట్టండి.

శరీరానికి రోజూ అందే శక్తి ఒక్కసారిగా సగానికి పడిపోతే, అది కరువు వచ్చిందనే అనుకుంటుంది. ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి, కడుపు నిండిందని చెప్పేవి తగ్గుతాయి, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తి కూడా తగ్గుతుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందిని పది వారాల పాటు ఇలాంటి పొడుల మీదే ఎక్కువగా ఆధారపడే ఆహారంలో ఉంచి, 2011లో ఫలితాలు ప్రచురించారు. వారు సగటున 13 కిలోలకు పైగా తగ్గారు. ఏడాది గడిచిన తరువాత కూడా వారి ఆకలి హార్మోన్లు మునుపటి స్థాయికి రాలేదు. కాబట్టి పెళ్లి హడావిడిలో మీకు వేసిన ఆకలి నిజమైన ఆకలి, దాన్ని తిండియావ అని తిట్టుకోకండి.

జుట్టు విషయానికి వస్తే, శరీరం త్వరగా చిక్కినప్పుడు చాలా వెంట్రుకలు పెరగడం మానేసి ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లిపోతాయి. రెండు మూడు నెలల తరువాత అవన్నీ కలిసి ఊడతాయి. మీరు మూడో నెల అన్నారు, లెక్క సరిపోతోంది. సాధారణంగా తిరిగి మొలుస్తాయి. అయితే ఇనుము, థైరాయిడ్ ఎలా ఉన్నాయో ఒకసారి చూపించుకోవాలి.

మరొక నష్టం బయటికి కనిపించదు. తగ్గిన ప్రతి నాలుగు కిలోలలో సుమారు ఒక కిలో కొవ్వు కాదు, అందులో కండ కూడా ఉంటుంది. వ్యాయామం లేకుండా తగ్గితే కండ ఇంకా ఎక్కువ పోతుంది. తిరిగి పెరిగేటప్పుడు వచ్చేది ఎక్కువగా కొవ్వే. అందుకే పాత బరువుకు చేరినవారు పాత మనుషులుగా ఉండరు, మెట్లెక్కితే ఆయాసం ఎక్కువగా ఉంటుంది.

విజయ్_వ్యాయామం
నేను ఒప్పుకోను. నేను రెండేళ్లుగా ఉదయం షేక్ తాగుతున్నాను, 84 నుంచి 73కి వచ్చి అక్కడే ఉన్నాను. నా ఉద్యోగం రాత్రి షిఫ్టు. ఇంటికి చేరేసరికి తెల్లవారుతుంది, వంట చేసుకునే ఓపిక ఉండదు. షేక్ లేకపోతే దారిలో నాలుగు పూరీలు తినేవాణ్ణి. శారద గారు తిరిగి పెరగడానికి కారణం పాత తిండికి వెళ్లడమే అయినప్పుడు, నింద పొడి మీద వేయడం న్యాయం కాదు.

నిడదవోలు_శారద
విజయ్ గారూ, పాత తిండి అంటే రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం పప్పూ కూరా అన్నం, రాత్రి రెండు చపాతీలు. పెళ్లి వారం తప్ప నేను అతిగా తిన్నది లేదు. మానేసిన మర్నాడు ఉదయం ప్లేటు ముందు కూర్చుంటే ఎన్ని ఇడ్లీలు తినాలో నాకు తోచలేదు. ఐదు నెలలు గ్లాసు పట్టుకున్న చేతికి కంచం కొత్తగా అనిపించింది. నేను అడిగింది దాని గురించే.

న్యూకాజిల్_నర్సు
శారద గారు చెప్పిన ఆ మర్నాడే అసలు విషయం. నేను ఇంగ్లండ్‌లో నర్సును. ఇక్కడ ప్రభుత్వ వైద్య వ్యవస్థే కొందరు మధుమేహ రోగులకు షేకులు, సూప్‌లు ఇస్తోంది, కాబట్టి పొడి అంటేనే విషమని నేను అనను. కానీ ఎలా ఇస్తారో వినండి.

డైరెక్ట్ అనే పరిశోధన స్కాట్లాండ్‌లోనూ, మా టైన్‌సైడ్ ప్రాంతంలోనూ జరిగింది. మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకు 825 నుంచి 853 కేలరీల షేకులు, సూప్‌లు మాత్రమే ఇచ్చారు. షుగర్ మాత్రలూ బీపీ మాత్రలూ మొదటి రోజే వైద్యుల పర్యవేక్షణలో ఆపేశారు. తరువాత రెండు నుంచి ఎనిమిది వారాలు తీసుకుని, ఒక్కో పూట చొప్పున మామూలు భోజనాన్ని తిరిగి అలవాటు చేశారు. ఆ పైన కూడా నెలనెలా పిలిచి మాట్లాడారు. ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. రెండో ఏడాదికి అది 36 శాతమైంది. ఐదేళ్ల నాటికి, పరిశీలనలో కొనసాగినవారిలో 13 శాతం మందే అలా మిగిలారు. ఇంత కాపు కాసినా బరువు మెల్లగా వెనక్కి వస్తుందన్నమాట.

ఇప్పుడు మీ వీధి చివరి క్లబ్బును దీని పక్కన పెట్టి చూడండి. మిమ్మల్ని భోజనానికి తిరిగి అలవాటు చేసే వారాలు అక్కడ లేనే లేవు.

కరీంనగర్_కిరణ్
నర్సు గారు "మాత్రలు మొదటి రోజే ఆపేశారు" అన్న వాక్యం చదివి నా గుండె బరువెక్కింది. మా నాన్నగారికి 61 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, గ్లిమెపిరైడ్ వాడతారు. తెలిసినవారు చెప్పగా రాత్రి భోజనం మానేసి షేక్ మొదలుపెట్టారు. మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నారు, ఎందుకంటే మాత్ర గురించి ఆయనను ఎవరూ అడగలేదు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున మూడింటికి ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి, అమ్మను కూడా గుర్తుపట్టలేదు. గ్లూకోమీటర్‌లో చూస్తే షుగర్ 41కి పడిపోయింది. అమ్మ చక్కెర నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. బతికి బయటపడ్డారు.

ఆయనతో షేక్ మొదలుపెట్టించినావిడ మరుసటి వారం ఇంటికి వచ్చి, శరీరంలోని మలినాలు పోతున్నప్పుడు మొదట్లో అలాగే ఉంటుందని చెప్పింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, ఆవిడకు అలాగే నేర్పారు. ఆ సంగతే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

విజయ్_వ్యాయామం
కిరణ్ గారూ, మీ నాన్నగారి విషయం చదివి చాలా బాధ కలిగింది. షుగర్ మాత్రలు వాడేవారికి ఇది వేరే సంగతి అని ఒప్పుకుంటున్నాను.

మందుల_కొట్టు
వేరే సంగతి కాదు విజయ్ గారూ, మాత్ర ఏదైనా ఇదే సంగతి. ఇరవై రెండేళ్లుగా ఫార్మసీ నడుపుతున్నాను. నా కౌంటర్ దగ్గర ఎక్కువగా చూస్తున్నది థైరాయిడ్ మాత్ర గొడవ. లివోథైరాక్సిన్‌ను పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. కాల్షియం, ఇనుము ఉన్నవాటికీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. సోయా కూడా ఆ మందును ఒంటికి పట్టనివ్వదు. ఈ పొడులలో చాలావాటికి సోయా ప్రోటీనే ఆధారం, పైగా కాల్షియం, ఇనుము కలిపి ఉంటాయి. ఐదున్నరకు మాత్ర, ఆరున్నరకు షేక్ అంటే మందు డబ్బులు నీళ్లలో పోసినట్టే.

గుండె కవాటం మార్చినవారు వార్ఫరిన్ గాని నికౌమలోన్ గాని వాడతారు. పొడిలోని విటమిన్ కె ఆ మందు బలాన్ని తగ్గిస్తుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. వీళ్లు డాక్టరుకు చెప్పకుండా డబ్బా మూత తీయనే కూడదు.

నిడదవోలు_శారద
మందుల కొట్టు గారూ, నేను థైరాయిడ్ మాత్ర వాడతాను. నాకు చేతులు వణుకుతున్నాయి. ఐదున్నరకు మాత్ర వేసుకుని నడిచి వెళ్లి ఆరుంబావుకు షేక్ తాగేదాన్ని, సరిగ్గా మీరు రాసినట్టే. నాలుగో నెలలో థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 3 నుంచి 9 దాటింది, అంటే మందు చాలడం లేదన్నమాట. డాక్టరు గారు మాత్రను 50 నుంచి 75 మైక్రోగ్రాములకు పెంచారు. షేక్ సంగతి ఆయన అడగలేదు, చెప్పాలని నాకూ తెలియదు. షేక్ మానేశాక మళ్లీ పరీక్ష చేయించుకోలేదు.

మందుల_కొట్టు
అయితే ఈ వారమే టీఎస్‌హెచ్ చేయించుకోండి. అప్పుడు మందు ఒంటికి పట్టక మోతాదు పెంచి ఉంటే, షేక్ ఆగిన తరువాత అదే మోతాదు ఎక్కువైపోయి ఉండవచ్చు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం కనిపిస్తాయి. అలా కాక ఇప్పటికీ చాలకపోతూ ఉండవచ్చు, అప్పుడు బరువూ జుట్టూ రెండూ ఇబ్బంది పెడతాయి. మీ అంతట మీరు మాత్రను మార్చవద్దు. మోతాదు మార్చిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలకు తిరిగి పరీక్ష చేయించుకోవాలి.

నిర్వాహకుడు
ఇద్దరు సభ్యులు కంపెనీల పేర్లు రాసిన వ్యాఖ్యలను తొలగించాను. అనుభవాన్ని నిస్సంకోచంగా రాయండి, పేర్లు వద్దు.

ఒకప్పటి_కోచ్
పేర్లు లేకుండానే రాస్తాను. నేను నాలుగేళ్లు ఇలాంటి క్లబ్బు నడిపాను. ఇప్పుడు మానేశాను, కానీ నా చేతి గ్లాసు తాగినవారి ముఖాలు గుర్తొస్తుంటాయి.

మాకు ఇచ్చిన శిక్షణ రెండు రోజులు. అందులో ఎక్కువ భాగం కొత్తవారిని ఎలా పలకరించాలి, బరువు తూచే యంత్రం మీద "శరీర వయసు" చూపించి ఎలా మాట్లాడాలి అన్నదే. ఆ యంత్రం పాదాల నుంచి స్వల్ప విద్యుత్తు పంపి కొవ్వును అంచనా కడుతుంది, పొద్దున నీళ్లు తాగి ఎక్కితే ఒక అంకె, తాగకుండా ఎక్కితే మరో అంకె వస్తుంది. మేము దాన్ని డాక్టరు మాటలా చదివి వినిపించేవాళ్లం. మీరు ఏ మందులు వాడుతున్నారన్న ప్రశ్న మా ఫారంలో ఉండేది. అయితే దాన్ని నింపించడమే తప్ప, జవాబును బట్టి ఏం చేయాలో మాకు ఎవరూ చెప్పలేదు.

కళ్లు తిరిగినా, తలనొప్పి వచ్చినా, మలబద్ధకం అయినా మా దగ్గర ఒకే సమాధానం ఉండేది, కిరణ్ గారి ఇంటికి వచ్చినావిడ చెప్పింది అదే. మనిషి తాగడం ఆపితే నా నెల లెక్క తప్పేది, ఎందుకంటే నా రాబడి డబ్బాల మీదే, నా కింద చేరినవారు కొన్న డబ్బాల మీదే. మానేశాక ఏం తినాలో నేర్పే మనిషికి ఆ పద్ధతిలో రూపాయి రాదు. శారద గారి ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇదే.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. పొద్దున్నే పదిమంది ఆడవాళ్లు ఒకచోట చేరి నవ్వుతూ మాట్లాడుకోవడం, ఒకరి కోసం ఒకరు నడవడం, అది నిజంగా మేలు చేసింది. చాలామంది తగ్గింది దానివల్లే అయినా, పేరు గ్లాసుకు వచ్చిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

లెక్కల_మాస్టారు
కోచ్ గారూ, మీ క్లబ్బులో పొడిని పాలలో కలిపేవారా, నీళ్లలోనా?

ఒకప్పటి_కోచ్
నీళ్లలో. పాలు పోస్తే గ్లాసు ధర గిట్టదు.

లెక్కల_మాస్టారు
నేను అనుమానించింది అదే. మా ఇంట్లో ఉన్న డబ్బా లేబుల్ చూసి లెక్క కట్టాను. 25 గ్రాముల పొడికి 92 కేలరీలు, 9 గ్రాముల ప్రోటీన్, 2 గ్రాముల పీచు. మూడు వందల మిల్లీలీటర్ల టోన్డ్ పాలలో కలిపితే సుమారు 265 కేలరీలు వస్తాయి. నీళ్లలో కలిపితే ఆ 92 మాత్రమే.

అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు నిర్ణయించే కోడెక్స్ సంఘం 1991లోనే ఈ తరహా పదార్థాలకు ఒక ప్రమాణం పెట్టింది. ఒక పూట భోజనానికి బదులు అని చెప్పుకోవాలంటే అందులో 200 నుంచి 400 కేలరీలు ఉండాలి. అంటే నీళ్లలో కలిపిన గ్లాసు భోజనానికి బదులు కానే కాదు, భోజనం మానేయడమే. శారద గారి రోజును చూద్దాం. రెండు గ్లాసులకు 184, మధ్యాహ్నం ఒక మామూలు భోజనానికి 600 అనుకున్నా 800 దాటదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో, బరువు తగ్గించే ఆహారమైనా రోజుకు 1000 కేలరీలకు తగ్గకూడదనీ, వారానికి అర కిలో తగ్గడం క్షేమమనీ చెప్పింది. బ్రిటన్‌లో 825 కేలరీలు వైద్యుల కాపలాతో ఇచ్చారు, నిడదవోలులో అంతకంటే తక్కువ కాపలా లేకుండా ఇచ్చారు.

ఇక డబ్బు. ఆరు వేలను అరవై గ్లాసులకు పంచితే గ్లాసు వంద రూపాయలు. యాభై గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బితే సుమారు 11 గ్రాముల ప్రోటీన్, 8 గ్రాముల పీచు వస్తాయి. కిలో 120 అనుకున్నా ఆ పెసలకు ఆరు రూపాయలు. నూనె, అల్లం, గ్యాసు అన్నీ వేసినా పదిహేను దాటదు. పెసరట్టుకు ఇంకా ఏ కంపెనీ డబ్బా కట్టలేదు కాబట్టి దాని గొప్పతనం ఎవరూ ఇంటింటికీ వచ్చి చెప్పడం లేదు.

కొల్లేటి_గాలి
మాస్టారి లెక్కలోని పీచు దగ్గర ఆగుతాను. మా అక్కకు రెండో నెల నుంచి విరేచనం సరిగా లేక మొలలు వచ్చాయి. ఆ తరువాత కుడి పక్కటెముకల కింద విపరీతమైన నొప్పి రావడంతో స్కాన్ చేస్తే పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి. దీనికీ షేక్‌కూ సంబంధం ఉందా?

పోషణ_తార్నాక
మలబద్ధకానికి నేరుగా ఉంది. రాళ్ల విషయంలో కారణం పొడి కాదు, వేగం. వారానికి కిలోన్నరకు మించి తగ్గుతున్నప్పుడు కాలేయం పిత్తంలోకి కొలెస్టరాల్‌ను ఎక్కువగా వదులుతుంది. కొవ్వు బొత్తిగా లేని ద్రవాహారం తాగితే పిత్తాశయం ముడుచుకోవలసిన పని ఉండదు, పిత్తం లోపలే నిలిచి గడ్డకడుతుంది. నలభై దాటిన స్త్రీలకు ఈ ప్రమాదం అసలే ఎక్కువ. మీ అక్క ఎంత వేగంగా తగ్గారో నాకు తెలియదు, చికిత్స చేసే వైద్యులకు ఈ సంగతి తప్పక చెప్పమనండి.

మాస్టారు గారి లెక్కకు ఒక చేర్పు. నమిలి తిన్నది కడుపులో నిలిచినంతసేపు తాగింది నిలవదు. అన్నే కేలరీలు ఉన్నా సరే, గ్లాసు ఖాళీ అయిన రెండు గంటలకు ఆకలి వేస్తుంది. పదకొండింటికి స్టాఫ్ రూమ్‌లో బిస్కట్ పొట్లం తెరుచుకునేది అందుకే.

పాత_పత్రికలు
ఈ మోజు కొత్తది కాదు. అమెరికాలో 1977, 78 ప్రాంతంలో ద్రవ ప్రోటీన్ మీదే నెలల తరబడి బతికినవారిలో సుమారు అరవై మంది చనిపోయారు. పశువుల చర్మం వంటివాటి నుంచి తీసిన నాసి ప్రోటీన్‌తో అది తయారయ్యేది, చాలామందికి గుండె లయ తప్పింది. ఇప్పటి పొడులు అంత హీనమైనవి కావు. అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే 1988లో ద్రవాహారంతో 67 పౌండ్లు తగ్గి, అంత కొవ్వును బండి మీద టీవీ వేదికపైకి లాక్కొచ్చారు. ఆ తరువాత బరువు తిరిగి వచ్చిందని ఆవిడే బహిరంగంగా చెప్పారు. వంటమనిషినీ శిక్షకుణ్ణీ పెట్టుకోగల మనిషికే నిలవలేదు.

విజయ్_వ్యాయామం
అన్నీ చదివాను. రెండు పూటలు నీళ్లలో కలుపుకుని తాగడం తప్పని ఇప్పుడు అర్థమైంది. నేను ఒక్క పూటే, పాలలో కలిపి, గుప్పెడు వేయించిన వేరుశనగలతో తీసుకుంటాను. అది నాకు నిలిచింది. వంట చేయలేని మనిషికి ఈ దారి కూడా ఉండాలన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోను.

న్యూకాజిల్_నర్సు
తీసుకోనవసరం లేదు విజయ్ గారూ. మీరు మిగతా రెండు పూటలు కంచంలో తింటున్నారు, అందుకే నిలిచింది. రక్తపరీక్షలు మాత్రం ఏడాదికొకసారి చేయించుకోండి.

నిడదవోలు_శారద
పొద్దున రక్తం ఇచ్చి వచ్చాను. సాయంత్రానికి టీఎస్‌హెచ్ 0.2 అని వచ్చింది, అంటే మోతాదు ఎక్కువైందన్నమాట. నాలుగు నెలలుగా రాత్రిళ్లు గుండె దడదడలాడుతుంటే అది పెళ్లి అప్పుల దిగులు అనుకున్నాను. రేపు డాక్టరు గారి దగ్గరికి ఈ పేజీని అచ్చు తీసి పట్టుకెళ్తున్నాను. పోషణ తార్నాక గారూ, ఉదయం ఏం తినాలో, ఎంత తినాలో చెప్పండి, లెక్కగా చెప్పండి.

పోషణ_తార్నాక
రేపటికి ఇది చాలు: రెండు చిన్న పెసరట్లు, అల్లం పచ్చడి, ఒక గ్లాసు పలచని మజ్జిగ. ఎల్లుండి రెండు ఇడ్లీలు, వాటి మీద ఒక పెద్ద గిన్నె నిండా కూరగాయల సాంబారు. అన్నం మానవద్దు, ఒక కప్పు అన్నానికి ఒక కప్పు పప్పు, రెండు కప్పుల కూర అన్న కొలత పెట్టుకోండి. నెలకు కిలోన్నర తగ్గితే చాలు. మాత్ర మార్పు గురించి డాక్టరు గారు చెప్పిందే వినండి.

పెళ్లికూతురు_ఫిబ్రవరి
నాకు 23 ఏళ్లు, 58 కిలోలు, పెళ్లికి నలభై రోజులు ఉంది. జాకెట్లు కుట్టడానికి ఇచ్చేశాము. మా పిన్ని రెండు డబ్బాలు తెచ్చి పెట్టింది, రేపటి నుంచి మూడు పూటలా అవే తాగమంటోంది. ఇదంతా చదివాక భయం వేస్తోంది, కానీ నలభై రోజులే కదా అని కూడా అనిపిస్తోంది.

ఒకప్పటి_కోచ్
అమ్మా, నలభై రోజులు తాగితే జుట్టు ఊడేది నీ పెళ్లి తరువాతే. ఆ డబ్బాల మూతలు తీయకపోతే అమ్మినవారు వెనక్కి తీసుకుంటారేమో, పిన్నిని అడగమను.

మందుల_కొట్టు
మీ ఎత్తు ఎంత? ఏవైనా మాత్రలు వాడుతున్నారా?

పెళ్లికూతురు_ఫిబ్రవరి
ఐదడుగుల నాలుగు అంగుళాలు. నెలసరి సరిగా రాదని మెట్‌ఫార్మిన్ ఇచ్చారు, రక్తం తక్కువగా ఉందని ఇనుము మాత్రలు కూడా వేసుకుంటున్నాను.

పోషణ_తార్నాక
ఆ ఎత్తుకు 58 కిలోలు ఎక్కువ కాదు. హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పు, అప్పటిదాకా డబ్బా ముట్టుకోవద్దు.